ఖాళీ షీటుకు నిండు షీటు

కల్లప్ప చొక్కాలకు రెండు జేబులుంటాయి. గుడ్డ ఇచ్చినప్పుడే దర్జీకి చెప్పి కుట్టించుకుంటాడు. ఎడమ జేబు తనది. ఫోను, బీడీ కట్ట అందులో ఉంటాయి. కుడి జేబు మాత్రం ఊళ్ళది.

ఊళ్ళంటే నారాయణఖేడ్ నుంచి మనూర్ దాటి లోపలికి పోయే దారిలో అతని ఆటో ఆగే పల్లెలు. జాకెట్టుకు దారం కావాల్సిన ఆడమనిషి గుడ్డముక్క తెచ్చి ఆ జేబులో వేస్తుంది. బోరు మోటారు బోల్టు అరిగినవాడు పాత బోల్టు వేస్తాడు. బీపీ గోలీలు, షుగరు గోలీలు అయిపోయిన ముసలివాళ్ళు ఖాళీ షీటును మడిచి వేస్తారు. పొద్దున పోయిన పాతవన్నీ సాయంత్రానికి కొత్తవై దిగుతాయి. "నాకు ముచ్చట చెప్పకుండ్రి, నమూనా ఇయ్యుండ్రి" అంటాడు కల్లప్ప. ముచ్చటైతే దారిలో మరిచిపోవచ్చు. నమూనా మోసం చెయ్యదని అతని నమ్మకం. పెద్ద చదువు లేని మనిషికి అది బాగా పనికొచ్చిన నమ్మకం.

తాతల కాలంలో సరిహద్దున ఉన్న నాగల్‌గిద్ద అవతలి నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. ఇంట్లో సగం కన్నడ, గడప దాటితే తెలుగు. పొలం ఉంది, పొలంలో రాళ్ళున్నాయి, రాళ్ళదే ఎక్కువ భాగం. అందుకని వయసులో ఉన్నప్పుడే ఆటో పట్టుకున్నాడు. ఇప్పుడు తల నెరిసింది. ఆటో దిగేటప్పుడు ముందు ఒక కాలు కింద పెట్టి, పైకడ్డీ పట్టుకుని, కాసేపు ఆగి, రెండోది దించుతాడు. "ఇగ చాలు, గా డబ్బా ఎవనికన్న అమ్మి ఇంట్ల కూసో" అంటుంది భార్య మహాదేవి. కూర్చుని ఏంచెయ్యాలో అతనికి తెలియదు. అలుపు నడపడం వల్ల వచ్చింది కాదని మాత్రం తెలుసు. ప్రతివాడి పనీ మోసుకు తిరగడం వల్ల వచ్చింది. దించుకునే చోటు లేని అలుపది.

పొద్దున మొదటి ట్రిప్పు బడి పిల్లలది. లోపలి పల్లెల నుంచి నారాయణఖేడ్ బళ్ళకు పోయే పిల్లలు. వాళ్ళలో అంకిత ఒకతి. రెండో తరగతి.

అంకిత నాన్న ధర్మేందర్ పటాన్‌చెరు వైపు కంపెనీలో పని చేస్తాడు, ఎప్పుడో ఒక ఆదివారం వస్తాడు. ఇంట్లో ఉండేది తల్లి ఉమారాణి, నాయనమ్మ రామవ్వ. ఆ ఇంటికి కల్లప్పకు చుట్టరికం లేదు, కానీ చుట్టరికం కన్నా ఎక్కువైన ఒక ప్రయాణం ఉంది. కిందటేడు చలికాలం కందులు కొట్టే మిషన్ ఊళ్ళోకి వచ్చిన రోజున దుమ్ము ఊరంతా కమ్మింది. పిల్లకు దమ్ము లేచింది. మెడ దగ్గర గుంట పడి, పెదాలు నీలంగా మారి, గాలి కోసం పైకి చూస్తున్న పిల్లను ఉమారాణి ఒళ్ళో పెట్టుకుంటే, కల్లప్ప గుంతలు చూడకుండా నారాయణఖేడ్ దాకా నడిపాడు. పిల్లల డాక్టరు థామస్ ముక్కుకు గాలి మాస్కు పెట్టి బతికించాడు.

ఆయన రాసిచ్చినవి రెండు. రోజూ పీల్చే పంపు ఒకటి, పడుకునే ముందు చప్పరించే తియ్యటి గోలీ ఒకటి. పంపును రామవ్వ ఒప్పుకోలేదు. "గాలిపెట్టె మరిగితే సచ్చేదాంక ఇడువదు. రేపు పెండ్లికి వచ్చినోడు చూస్తే ఏమంటడు?" అని దూలం సందులో దోపేసింది. గోలీ మీద మాత్రం ఎవరికీ పేచీ లేదు. తియ్యగా ఉంటుంది, పిల్ల తానే అడిగి తింటుంది, దమ్ము మళ్ళీ లేవలేదు. అయిపోగానే ఖాళీ షీటు కల్లప్ప కుడి జేబులోకి వచ్చేది. సాయంత్రానికి నిండు షీటు దిగేది. అట్లా చలికాలం పోయింది, ఎండాకాలం పోయింది, వానలు పోయాయి. ఉమారాణి ఒక్క రాత్రి కూడా మరిచిపోలేదు. పిల్లకు ఊపిరి ఆడని రోజును చూసిన తల్లి ఎట్లా మరిచిపోతుంది?

పిల్ల మారడం మెల్లగా జరిగింది. అందుకే ఎవరూ దానికి ఒక రోజు పెట్టి చెప్పలేరు. ముందు ఆటోలో పాటలు మానేసింది. తర్వాత కిటికీ పక్క చోటు కోసం కొట్లాట. పిల్లలన్నాక కొట్లాడతారు అనుకున్నాడు కల్లప్ప. ఆ తర్వాత కారణం అక్కర్లేకుండా పోయింది. పక్కదాని సంచి తగిలితే తన్నేది. ఎందుకు తన్నినవే అంటే తనే బోరున ఏడ్చేది. నిద్ర లేని పెద్దవాళ్ళలా కళ్ళ కింద నలుపు. బళ్ళో టీచరు మొదట్లో బెంచీ మార్చింది, తర్వాత తల్లిని పిలిపించింది.

కార్తీకం చివర్లో ఒక పొద్దున అంకిత రోజ చేతిని కొరికింది. రోజ బాలప్ప బిడ్డ. నెత్తురొచ్చింది. కల్లప్ప ఆటో ఆపి, నీళ్ళతో కడిగి, బీడీ కట్ట పక్కనున్న చేతిరుమాలు కట్టి, ఇద్దరినీ విడగొట్టి కూర్చోబెట్టాడు. అంకితను ముందు తన పక్కన ఇరికించుకున్నాడు. కొంత దూరం పోయాక ఆ పిల్ల రోడ్డు వైపు చూస్తూ అంది:

"తాతా, నన్ను గీడనే దింపు. నేను ఇంటికి పోను, బడికి పోను. నేను ఉండొద్దు."

"ఉండక ఏడికి పోతవే?"

"ఏమో. ఉండొద్దు అంతే."

కల్లప్పకు మనవరాళ్ళున్నారు. పిల్లల అలకలు తెలుసు. కానీ ఈ మాట అలకలా లేదు. పని అయిపోయిన కూలీ ఇంటికి పోతానన్నట్టుగా అంది. అతను మిగిలిన దారంతా ఆమె ఫ్రాకు కొస ఒక చేత్తో పట్టుకునే నడిపాడు.

సాయంత్రం బాలప్ప రోడ్డు మీదే కాచుకుని ఉన్నాడు. పక్కన మరో ఇద్దరు తండ్రులు.

"ఏం కల్లప్పా! పిల్లల ఆటో అనుకున్న. కుక్కల బండి అయిందా నీది?"

"చిన్న పిల్ల బాలప్పా. తెల్వక కొరికింది."

"తెల్వకనా? మొన్న సంచి చింపింది, అటు మొన్న వీని బిడ్డను గీరింది. నీ నెత్తిని కొరికినప్పుడు తెలుస్తది నీకు. ఉన్న నాలుగు వెంట్రుకలు పోతయి."

వెనక ఇద్దరూ నవ్వారు. కల్లప్ప కూడా నవ్వాడు, నవ్వితే సర్దుకుంటుందేమోనని. సర్దుకోలేదు.

"ఇనుకో" అన్నాడు బాలప్ప, నవ్వు ఆపి. "ఆ పిల్ల ఎక్కితే మా పిల్లలు ఎక్కరు. మా పిల్లలు ఎక్కాల్నంటే ఆ పిల్ల ఎక్కొద్దు. ఏదో ఒకటి నువ్వే చెప్పు."

బస్సు మనూర్ దాకానే వస్తుంది, అదీ వస్తే వస్తుంది. అతని ఆటో ఎక్కకపోతే అంకితకు బడి లేదు. ఆ సంగతి బాలప్పకూ తెలుసు.

ఉమారాణి ఇంటి ముందు కల్లప్ప ఆటో ఆపి చాలాసేపు దిగలేదు. అంకిత దిగి, ఎవరితో మాట్లాడకుండా లోపలికి పోయింది. అరుగు మీద రామవ్వ పచ్చి కందికాయలు ఒలుస్తోంది. ఉమారాణి చేట తీసుకుని ఎదురుగా కూర్చుంది. కొరికిన ముచ్చట అప్పటికే చేరిపోయినట్టుంది. ఆమె ముఖం చూస్తే తెలిసింది.

"ఎంత గట్టిగ కొరికింది కాకా?"

"ఏం కాలే తీ. చర్మం లేసింది."

"నెత్తురు వచ్చిందంట గద."

రామవ్వ కాయలు ఒలుస్తూనే అందుకుంది: "తల్లికి భయం లేదు. నేను మొత్తుకుంట, రెండు తగిలియ్యి అని. మా కాలంల పిల్లలు గిట్లుండిరా?"

"తగిలిస్తలేనా అత్తా?" ఉమారాణి గొంతు పైకి లేచి, మళ్ళీ పడిపోయింది. "నిన్న గరిటతోని కొట్టిన. వాత పడ్డది. అది ఏడ్వకుండ నన్నే చూస్కుంట నిలబడ్డది. ఇంకా కొట్టు అన్నది." ఆమె చేటలోని కాయలను అటూ ఇటూ కదిపింది. "తాయత్తు కట్టిచ్చిన. పోచమ్మకు ఒప్పజెప్పిన. పండుకుంటే కలవరిస్తది, గోడ మీద ఎవరో ఉన్నరంటది. నేను పండుకోక ఎన్నొద్దులైతుందో నాకే తెల్వదు కాకా. అందరు నా పెంపకమే అంటున్నరు. నాకు గుడ గట్లనే అనిపిస్తుంది."

ఇటువంటప్పుడు చెప్పవలసిన మాట కల్లప్ప దగ్గరుంది, దాన్ని చెప్పడానికే వచ్చాడు. చివరికి చెప్పాడు.

"బిడ్డా, రెండు రోజులు పిల్లను పంపకు. బాలప్పోల్లు ఒప్పుకుంటలేరు."

"రెండు రోజులైనంక ఒప్పుకుంటరా?"

అతను కందికాయ ఒకటి తీసుకుని ఒలవడం మొదలుపెట్టాడు.

"చెప్పు కాకా. రెండు రోజులా, మొత్తానికా?"

"నాకు తెల్వదు."

ఉమారాణి లేచి లోపలికి పోయింది. ఏడవడానికి పోయిందనుకున్నాడు. ఖాళీ షీటు పట్టుకుని వచ్చింది. అలవాటు కొద్దీ దాన్ని మధ్యకు మడిచి, అతని కుడి జేబులో వేసింది. "గోలీలు అయిపోయినయి. రేపు మర్చిపోకు. కందులు కోతకొస్తున్నయి, మిషన్ వస్తది. దమ్ము లేసిందంటే ఇగ నా పాణం పోతది." అంత దిగులులో కూడా గోలీ గురించి మాత్రం ఆమె గొంతులో ఒక ధైర్యం ఉంది. తను సరిగ్గా చేస్తున్న పని అదొక్కటే అన్నట్టు.

మరునాడు మందుల దుకాణానికి పోయేసరికి కల్లప్పకు ఒక ఆలోచన వచ్చింది. దారానికి దారం, బోల్టుకు బోల్టు దొరికే ఊళ్ళో, కోపానికి గోలీ దొరకదా?

దుకాణం సిద్ధేశ్వర్‌ది. కల్లప్పను చూడగానే ఎప్పటిలాగే, "బా కల్లప్పా, ఏన్ బేకు?" అని, ఏం కావాలో కన్నడంలో అడుగుతూ పలకరించాడు. కల్లప్ప ఖాళీ షీట్లన్నీ అద్దం బల్ల మీద పరిచాడు, పేకముక్కలు వేసినట్టు. తర్వాత గొంతు తగ్గించాడు.

"సిద్ధన్నా, పిల్లలు చల్లగ ఉండేటందుకు ఏమన్న గోలీ ఉంటదా? ఒక పిల్ల బాగ కోపం జేస్తుంది. కొరుకుతుంది."

"నా భార్యకు గుడ కావాలె. ఉంటే రెండు తెప్పిస్త" అన్నాడు సిద్ధేశ్వర్. మళ్ళీ ఆలోచించి, "సర్దీ సిరప్ ఒకటున్నది, తాగితే మత్తుగ పండుకుంటది" అని అర వైపు చెయ్యి చాపాడు.

"ఆగుండ్రి మామా." కోడలు రశ్మి వెనక నుంచి వచ్చింది. ఫార్మసీ చదివిన పిల్ల, కొత్తగా కౌంటర్లో కూర్చుంటోంది. "పిల్ల ఎంతది? ఇప్పటికే ఏమన్న మందు వాడుతుందా?"

"ఏడేండ్లుంటయి. దమ్ముకు వాడుతది. గిదే." అని కల్లప్ప పరిచినవాటిలో నుంచి ఒక షీటును వేలితో ముందుకు తోశాడు.

రశ్మి దాన్ని తీసుకుని రెండు వైపులా చూసింది. "ఎప్పటి సంది?"

"కిందటేడు కందులప్పటి సంది."

"నడుమల డాక్టర్‌కు చూపెట్టిండ్రా?"

"ఎందుకు? దమ్ము లేస్తలేదు గద."

ఆ అమ్మాయి మామ వైపు చూసింది. సిద్ధేశ్వర్ తల గోక్కున్నాడు. "తెలిసిన మనిషి. ఎప్పుడు తెస్తడు, ఎప్పుడు ఇస్త" అని ఎవరూ అడగకుండానే చెప్పాడు.

"కల్లప్ప తాతా" అంది రశ్మి. "ఈ గోలీ దమ్ముకు పని చేస్తది. కాని కొంతమంది పిల్లలకు దీంతోని పీడకలలొస్తయి. ఉత్తగనే కోపమొస్తది, ఏడుస్తరు, సచ్చిపోవాలె అంటరు. అందరికి కాదు, కొందరికే. ఈ పిల్లకు దీంతోనే అయిందని నేను చెప్పలేను. ఆ సిరప్ గుడ ఇయ్యను, ఈ షీటు గుడ ఇయ్యను. రేపే థామస్ డాక్టర్ దగ్గరికి తీస్కపోండ్రి. ఒక్క రాత్రి వెయ్యకుంటే ఏం గాదు."

కల్లప్ప బల్ల మీది ఖాళీ షీటు వైపు చూశాడు. ఎన్ని తెచ్చి ఉంటాడు? లెక్కపెట్టబోయి మానేశాడు. ఇద్దరు మనుషులు దుకాణంలోకి వచ్చారు. సిద్ధేశ్వర్ వాళ్ళ వైపు తిరిగాడు. కల్లప్ప మిగిలినవాళ్ళ బీపీ గోలీలు కూడా మరిచిపోయి బయటికొచ్చాడు.

ఆ సాయంత్రం అతను ఉమారాణి ఇంటికి వట్టి చేతులతో పోయాడు.

"గోలీలేవి కాకా?"

"ఇయ్యలే."

"ఇయ్యలేదా? దుకాణం బందా? ఇంకో దుకాణంల అడుగకపోయినవా? ఇయ్యాల రాత్రికి దానికి ఏమెయ్యాలె?" ఆమె అడుగుతూనే ఉంది. దుకాణంలో విన్నది అతను తనకు గుర్తున్నట్టుగా చెప్పాడు. నమూనా లేని ముచ్చట కనక సగం అటూ ఇటూ అయింది. ఉమారాణి విన్నది, నమ్మలేదు.

"దమ్ము తగ్గిచ్చే గోలీకి మనిషిని కొరికే బుద్ధి ఎట్లొస్తది? దుకాణపోల్లకు ఏం తెలుసు?"

"ఏం తెల్వకపోతే డాక్టర్‌నే అడుగుదాం. పొద్దున పిల్లను తీస్కొని రా. నేనే తీస్కపోత. పిల్లల ట్రిప్పు అయినంక."

థామస్ డాక్టర్ దగ్గర చలికాలపు రద్దీ. దగ్గే పిల్లలు, దగ్గని పిల్లలు, వాళ్ళ వెనక నానమ్మలు. వీళ్ళ వంతు వచ్చేసరికి డాక్టరు కూడా సగం అలిసిపోయి ఉన్నాడు. ఉమారాణి పాత చీటీ ఇచ్చింది. ఆయన దాన్ని చూసి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"గోలీ నెలకు రాశాను కదమ్మా. నెల తర్వాత రమ్మన్నాను."

"మంచిగున్నది గద అని రాలే సార్."

"పంపు?"

అంకిత చెప్పింది: "దూలం మీదున్నది."

డాక్టరు పిల్లను దగ్గరికి పిలిచి, వీపుకు స్టెతస్కోపు పెట్టి విన్నాడు. నిద్ర గురించి, కలల గురించి, గోడ మీది మనుషుల గురించి అడిగాడు. పిల్లనూ అడిగాడు, తల్లినీ అడిగాడు. అప్పుడప్పుడూ తలాడించాడు. తర్వాత అన్నాడు: "ఈ సంవత్సరంలో ఎప్పుడైనా కొన్నాళ్ళు ఈ గోలీ వెయ్యకుండా ఉన్నారా? గుర్తు చేసుకోండి."

"ఒక్క రాత్రి గుడ తప్పలే సార్" అంది ఉమారాణి గట్టిగా.

"తప్పింది" అన్నాడు కల్లప్ప.

ఇద్దరూ అతని వైపు చూశారు.

"దీపావళి ముంగట నా బండి ఇంజను పోయి షెడ్డుల పడ్డది గద. వారం పైన ఊర్లకు రాలేదు. గోలీలు తేలేదు."

ఉమారాణి మెల్లగా అంది: "అవును. ఆ వారం అది సప్పుడు జెయ్యకుండ పండుకున్నది. నాతోని చేనుకొచ్చింది. పాట గుడ పాడింది. బడి లేదు గద, అందుకని ఖుషీగ ఉన్నదనుకున్న."

"మళ్ళీ గోలీ వేశాక?"

ఆమె అంకిత కళ్ళ కింది నలుపు వైపు చూసింది.

"దీనివల్లే అని రాసిచ్చి సంతకం పెట్టలేను" అన్నాడు డాక్టరు. "కానీ అట్లాగే ఉంది. ఆ రోజు ఈ సంగతి నేను మీకు చెప్పానో లేదో గుర్తు లేదు. పిల్ల నీలంగా ఉంది, మీరు వణికిపోతున్నారు. చెప్పినా మీకు వినబడి ఉండదు. ఈ గోలీ ఇవాళ్టి నుంచి వద్దు."

"దమ్ము లేస్తే సార్? కందులు కొట్టే రోజులొస్తున్నయి."

"అందుకే పంపు. ఇది అలవాటయ్యేది కాదు. రోజూ రెండు పూటలా ఒకటి. దమ్ము లేచినప్పుడు ఈ నీలంది, గొట్టం పెట్టి. ఇది కొట్టాక గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, పిల్ల ఎగురుతుంది. కాసేపే. దానికి భయపడి మళ్ళీ దూలం ఎక్కించకండి." పిల్ల వైపు చూసి గొంతు తగ్గించాడు. "కొన్నాళ్ళు ఒంటరిగా వదలొద్దు. ఉండొద్దు అనే మాట మళ్ళీ అంటే ఏ వేళైనా తీసుకురండి. తిట్టొద్దు, కొట్టొద్దు."

కొట్టొద్దు అన్నప్పుడు ఉమారాణి తల దించుకుంది. నర్సు పంపుకు బిగించే గొట్టం ఎట్లా పట్టాలో చూపించింది. తల్లి పట్టి చూశాక కల్లప్ప కూడా పట్టి చూశాడు, తనకెందుకో తెలియకుండానే.

తిరుగు ప్రయాణంలో ఆటోలో వాళ్ళు ముగ్గురే. అంకిత తల్లి ఒళ్ళో నిద్రపోయింది. కల్లప్ప వెనక నుంచి మాట పడుతుందని ఎదురు చూస్తూ నడిపాడు. మనూర్ దాటాక పడింది.

"నేను అడిగిన. నువ్వు తెచ్చినవ్. ఆల్లు ఇచ్చిండ్రు. ఎవర్ని తిట్టాలె కాకా?"

"నన్ను తిట్టు. తయారుగ ఉన్న."

"ఓపిక లేదు" అంది ఉమారాణి.

బాలప్పకు చెబితే నవ్వాడు. "మంచిగున్నది! రేపు నా ఎద్దు పొడిస్తే గుడ గోలీ మీద తోస్త" అన్నాడు. కల్లప్ప వాదించలేదు. అంతకుముందు అయితే నవ్వి సర్దేవాడు. ఈసారి నవ్వలేదు కూడా.

"అంకిత సోమవారం సంది ఎక్కుతది. నా పక్కన ముందర కూసుంటది. నీ బిడ్డను పంపుతవో లేదో నీ ఇష్టం."

"ఒక్క పిల్ల కోసం ఇంతమందిని పోగొట్టుకుంటవా?"

"పోతే పోతరు."

రోజతో పాటు మరో ఇద్దరు మానేశారు. బాలప్ప తన మోటారు సైకిలు మీద ముగ్గురినీ దింపడం మొదలుపెట్టాడు. మిగతా పిల్లలు వచ్చారు, వచ్చినా మొదట్లో అంకితకు దూరంగా ఒకరి మీద ఒకరు పడి కూర్చునేవాళ్ళు. మహాదేవి ఇంట్లో "ధర్మప్రభువు" అని పిలవసాగింది. ఖాళీ షీట్లు తీసుకోవడం కూడా కల్లప్ప మానేశాడు. దారం తెస్తా, బోల్టు తెస్తా, గోలీలకు మాత్రం డాక్టరు చీటీ ఇవ్వాలన్నాడు. ఊళ్ళు గొణిగాయి. "ముసలోనికి మెదడు ఖరాబైంది" అని ఒక ముసలామె అతని ముఖం మీదే అంది. నిజమే కావచ్చు అనుకున్నాడు.

రామవ్వ గొణిగినా ఉమారాణి ఈసారి పంపు దాచనివ్వలేదు. అంకిత ఒక్కసారిగా ఏమీ బాగుపడలేదు. మూడో రోజో నాలుగో రోజో కలవరింత తగ్గిందని ఉమారాణి చెప్పింది. కోపం మాత్రం పోతూ పోతూ వెనక్కి తిరిగి చూసింది. ఒకసారి కల్లప్ప హారన్ పీకేసింది. ఒకసారి దారి పొడవునా ఏడ్చింది. కళ్ళ కింద నలుపు పలచబడింది. ఒక పొద్దున ఆమె అతని భుజానికి ఆనుకుని నిద్రపోతే, గేరు మార్చడానికి ఇబ్బందైనా నెమ్మదిగా నడిపాడు.

పుష్యంలో మిషన్లు వచ్చాయి. పొద్దున్నే రోడ్డు పక్క కల్లంలో కందులు కొడుతున్నారు. దుమ్ము తెరలా రోడ్డుకు అడ్డం వచ్చింది. కల్లప్ప వేగంగా దాటించాడు కానీ దాటేలోపే పక్కనుంచి ఈలలాంటి చప్పుడు వినిపించింది. అంకిత రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి ముందుకు వంగింది. మెడ దగ్గర మళ్ళీ ఆ గుంట.

అతను ఆటోను పక్కకు తీసి ఆపాడు. ఆమె సంచి విప్పితే పుస్తకాలు కింద పడ్డాయి. గొట్టం దొరికింది, నీలం పంపు దొరకలేదు. వెనక పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. అడుగున టిఫిన్ డబ్బా కింద ఉంది. ఊపి, గొట్టానికి బిగించి, పిల్ల నోటికి పెట్టాడు. "పీల్చు బిడ్డా. మెల్లగ. గట్లనే." నొక్కాడు. ఆగాడు. మళ్ళీ నొక్కాడు. నర్సు ఎన్నిసార్లు చెప్పిందో మరిచిపోతానేమోనని భయపడ్డాడు. మరిచిపోలేదు. ఒక మోటారు సైకిలు పక్కన ఆగింది. తల తిప్పి చూడలేదు.

కాసేపటికి ఈల సన్నబడింది. పిల్ల తలెత్తింది. పెదాలు ఎర్రగా ఉన్నాయి.

మోటారు సైకిలు మీద బాలప్ప. ముందు రోజ, వెనక ఇద్దరు. బాలప్ప ముఖంలో ఎప్పుడూ ఉండే ఎగతాళి లేదు. "దవాఖానకు తీస్కపోదామా?" అన్నాడు.

"డాక్టర్‌కు చూపెట్టినంకనే బడికి తీస్కపోత."

రోజ కిందికి దిగి, పడిన పుస్తకాలు ఏరి అంకిత సంచిలో కుక్కి, మళ్ళీ తండ్రి ముందుకే ఎక్కి కూర్చుంది. వాళ్ళు పోయారు.

డాక్టరు వీపు విని, బాగానే ఉంది, బడికి పోవచ్చన్నాడు. అక్కడి నుంచి బడి దాకా అంకిత నోరు మూయలేదు. పంపు ప్రభావం. చేతులు సన్నగా వణుకుతున్నాయి, మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. కుక్కపిల్ల గురించి, టీచరు చీర గురించి, నాన్న తెస్తానన్న బూట్ల గురించి. కల్లప్ప సగమే విన్నాడు. నడుము నొప్పి లేచింది, నోరు ఎండిపోయింది.

బడి గేటు దగ్గర మిగతా పిల్లలు దిగి పోయినా ఆమె దిగలేదు.

"తాతా, నేను మళ్ళ గట్ల అయితనా? కొరికేటట్ల?"

అవ్వవని అబద్ధమైనా చెప్పొచ్చు, చిన్నపిల్ల. కానీ ఆ చూపు చిన్నపిల్ల చూపులా లేదు.

"ఏమో బిడ్డా. నాకు తెల్వదు. అయితున్నట్టనిపిస్తే ముందు నాకు చెప్పు. బండి ఆపుత."

"ఆపి ఏం జేస్తవ్?"

కల్లప్ప ఆలోచించాడు. "ఏం జెయ్య. ఇద్దరం కూసుందాం. తగ్గినంక పోదాం."

అంకిత ఆ మాటను కాసేపు తూచింది. తర్వాత సంచి భుజాన వేసుకుని దిగి, పరుగెత్తొద్దని డాక్టరు చెప్పినా పరుగెత్తుతూ లోపలికి పోయింది.